ప్రారబ్ధమూ నిదానమూ: గుండెనొప్పి కారణాలపై ఒక విచారణ

ఛాతీలో నొప్పి, ఎడతెగని నీరసం మనిషిని పట్టుకున్నప్పుడు రెండు ప్రశ్నలు కలిసే పుడతాయి: ఈ బాధ శరీరంలో ఎలా మొదలైందన్నది ఒకటి, ఇది తనకే ఎందుకు రావాలన్నది మరొకటి. గోదావరి డెల్టా పల్లెల్లో మొదటిదానికి ‘గ్యాస్ పట్టింది’ అన్న మాటా, రెండవదానికి ఏలినాటి శని అనో, ప్రారబ్ధం, అంటే పూర్వకర్మలో ఈ జన్మలో అనుభవానికి వచ్చిన భాగం, అనో సమాధానం సిద్ధంగా ఉంటాయి. రెండూ వెదుకులాటను అక్కడితో ఆపేసేవే. అందువల్ల, రోగకారణాన్ని దేహంలో వెదకడం కర్మవిశ్వాసానికి విరుద్ధమా అన్నది పండితచర్చగా మిగిలే విషయం కాదు, ప్రాణం మీదికి వచ్చే విషయం.

శాస్త్రం ఇక్కడ వెదుకులాట పక్షానే నిలుస్తుంది. ఆయుర్వేద గ్రంథమైన చరకసంహితలో, విమానస్థానం మూడవ అధ్యాయంలో గురువు ఆత్రేయుడు, ఆయుర్దాయం దైవపురుషకారాలు రెండింటిపైనా ఆధారపడుతుందని శిష్యుడు అగ్నివేశుడికి చెబుతూ, వెనకటి దేహంతో చేసిన కర్మ దైవమనీ, ఈ దేహంతో చేసేది పురుషకారమనీ, వీటిలో బలమైనది బలహీనమైనదాన్ని అణచివేస్తుందనీ వివరిస్తాడు. ఆయువంతా ముందే నిర్ణయమై ఉంటే ఔషధాలతో ఎవరికీ పని ఉండదన్నది ఆయన వాదం. గట్టి ఇరుసు కూడా మితిమీరిన బరువుకూ ఎగుడుదిగుడు దారికీ నడుమనే విరుగుతుందన్నది ఆయన చూపిన పోలిక. గుంటుపల్లి గుహల్లోను, కోనసీమలోని ఆదుర్రులోను ఒకప్పుడు వర్ధిల్లిన బౌద్ధం ఇంకా తెగించి మాట్లాడింది. సంయుత్తనికాయంలోని సీవక సుత్తంలో బుద్ధుడు, ప్రశ్న అడిగిన సీవకుడితో, వాతం, పిత్తం, శ్లేష్మం, వాటి కలయిక, ఋతుభేదం, విషమవర్తన, బయటి దెబ్బ, కర్మ అని వేదనకు ఎనిమిది కారణాలు లెక్కించి, సమస్తమూ పూర్వకర్మ ఫలమేననేవారు తామెరిగినదాన్నీ లోకమెరిగినదాన్నీ దాటిపోతున్నారని అంటాడు. తక్కిన ఏడింటినీ పరిశీలించకుండా ఎనిమిదవదాని దగ్గరకు దూకడం తర్కానికి నిలవదు.

దేహంలోని కారణాలైనా ఒక్కటి కావు. గుండె కండరానికి రక్తం అందించే ధమనులు ఇరుకైతే, నడుస్తున్నప్పుడు బరువుగా పట్టి, ఆగితే సడలే నొప్పి వస్తుంది. దాన్ని యాంజైనా అంటారు. అదే ధమని రక్తపు గడ్డతో మూసుకుపోతే గుండెపోటు అవుతుంది. గొంతుకు ఎగదన్నే ఆమ్లం, పక్కటెముకల కీళ్ల వాపు, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, తీవ్రమైన ఆందోళన కూడా ఛాతీనొప్పిగానే తెలుస్తాయి; రక్తహీనత, థైరాయిడ్ లోపం నీరసంగా బయటపడతాయి. మధుమేహులలోను స్త్రీలలోను గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, చెమట, నిస్సత్తువ రూపంలోనే వస్తుంది కనుక, ఇ.సి.జి., రక్తపరీక్షలు లేకుండా ఇంట్లో కూర్చుని కారణం తేల్చడం సాధ్యం కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో ఏడాదిపాటు సంభవించిన 1,354 మరణాలను ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశీలించగా, వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధుల వల్లనేనని తేలింది. ఇటువంటి సీమలో గ్యాస్ అనుకుని సోడా తాగి తెల్లవారేదాకా ఆగడం ఎంతో ప్రమాదం. చింతలూరు ధన్వంతరికి మొక్కుకునే కుటుంబం 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా మొక్కుకున్నా ఆ భక్తికి లోటేమీ రాదు.

1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు మొదట చెప్పిన ఆ రెండు ప్రశ్నలనూ ఎరిగినవాడు. యౌవనంలో సన్యాసం వైపు మొగ్గిన అతడు వైద్యవిద్యకు మళ్లాడు. అతని సోదరులిద్దరిని స్ప్రూ, అంటే పేగులు పోషకాలను పీల్చుకోలేని వ్యాధి, బలిగొన్నది. హార్వర్డ్‌లో తోటి పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏటీపీని 1929లోను వెలికితీయడంతో అలసట రసాయనశాస్త్రానికి అందే విషయమైంది. 1945 నాటికి అతని బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగుల రక్తహీనతకు మందయింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, అతడు గుండెపోటుతో మరణించాడు. ఆ మరణానికి అతని పూర్వజన్మలో కారణం చూపబూనేవారికి సీవకుడికి బుద్ధుడిచ్చిన సమాధానమే వర్తిస్తుంది. అతని ధమనులకేమైందన్న ప్రశ్న మాత్రం ఏ ధర్మమూ కాదనని ప్రశ్న.