బిడ్డ అడిగినప్పుడు మనమేమి చెప్పుదుము?



లోకములోని జనములు తమ పూర్వులను గూర్చి చెప్పుకొనునప్పుడు సాధారణముగా రాజులను, యుద్ధవీరులను పేర్కొందురు. తాము బానిసల సంతతివారమని పండుగ చేసి చెప్పుకొను జనము అరుదు. యూదులు అట్టి జనము. దావీదు, సొలొమోను వంటి రాజులు తమకున్నను, పస్కా రాత్రి బిడ్డల ప్రశ్నకు వారు మొదట చెప్పు జవాబు ఆ రాజుల మాట కాదు. ఐగుప్తులో ఫరోకు దాసులమై యుంటిమన్న మాటయే.

ఆ రాత్రి ఇంటిలోని చిన్నబిడ్డ ఈ రాత్రికిని తక్కిన రాత్రులకును భేదమేమని అడుగును. బిడ్డలు అడుగుదురనియు, పెద్దలు చెప్పవలెననియు ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములోనే యున్నది. బల్లమీది పదార్థములును ఆ జవాబులో పాలుపొందును. పులియని రొట్టె శ్రమదినముల ఆహారము, తొందరపడి బయలుదేరిన రాత్రి ఆహారము. చేదు కూరలు దాస్యపు చేదు. ఉప్పునీరు కన్నీరు. పండ్లను, గింజలను కలిపి నూరిన ముద్ద ఇటుకల పనిలో త్రొక్కిన అడుసు. చెవితో విన్నది బిడ్డ మరచిపోవచ్చును గాని నాలుకతో ఎరిగినది త్వరగా మరువదు.

అయితే మనమొక ప్రశ్న అడుగవలసియున్నది. గడచిన బాధను ఇట్లు ఏటేట తలంచుకొనుట మేలేనా? మానిన గాయమును రేపినట్లు కాదా? బాధను తలంచువాడు పగను పెంచుకొనడా?

ఈ భయము ఊరక కలిగినది కాదు. పాత బాధను సాకుగా చూపి క్రొత్త అన్యాయము చేసిన జనములు చరిత్రలో కలవు. ధర్మశాస్త్రము ఆ త్రోవను ముందుగానే మూసివేసినది. ఐగుప్తులో పరదేశులై యుండినవారికి పరదేశి మనస్సు తెలియును గనుక వారు పరదేశిని బాధింపకూడదని నిర్గమకాండము 23వ అధ్యాయము బోధించుచున్నది. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము ఇంకను ముందుకు పోయి, ఐగుప్తీయునిసహా అసహ్యించుకొనవద్దనుచున్నది. పస్కా బల్లయొద్ద పది తెగుళ్ల పేర్లు చెప్పునప్పుడు ఒక్కొక్క పేరునకు పాత్రలోనుండి ఒక్కొక్క ద్రాక్షారసపు చుక్క తీసివేయు ఆచారము కలదు. శత్రువు బాధపడినప్పుడు మన సంతోషపు పాత్ర నిండుగా నుండరాదని అనేకులు దానికి అర్థము చెప్పుదురు.

ఇట్టి జ్ఞాపకము మనుష్యుని ఎట్లు నిలువబెట్టునో చూడుడి. 1944వ సంవత్సరపు పస్కా కాలమున జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ శిబిరములో హాలెండు దేశపు యూదులనేకులు బందీలై యుండిరి. పులియని రొట్టె దొరకలేదు. పండుగలో పులిసిన రొట్టె తినుట ధర్మశాస్త్రమునకు విరోధము. తినకున్న ప్రాణము పోవును. అచ్చటి రబ్బీలు తినుడని చెప్పి, తినుటకు ముందు చేయవలసిన చిన్న ప్రార్థన యొకటి వ్రాసియిచ్చిరి. దాని భావమిది: నీ ఆజ్ఞ గైకొన మా హృదయము కోరుచున్నది గాని మా చెర అడ్డుపడుచున్నది. నీ కట్టడలవలన బ్రదుకవలెనని నీవే చెప్పితివి గనుక ఆ మాటను నెరవేర్చుటకు సిద్ధముగా నున్నాము. మమ్మును బ్రదికించి విడిపింపుము. 1945 ఏప్రిల్ 15న ఆ శిబిరము విడుదల పొందకమునుపే వారిలో అనేకులు మరణించిరి. అయినను చెరలో దేవునితో ఎట్లు మాటలాడవలెనో వారు ఎరిగియుండిరి. ఏటేట బల్లయొద్ద నేర్చుకొనిన పాఠమే అది.

మన ప్రభువును పస్కా కాలముననే శిష్యులతో కడపటి భోజనము చేసి, దానిని తన జ్ఞాపకార్థము చేయుమనెను. కాబట్టి జ్ఞాపకము మనకును సంబంధించిన సంగతియే. మన సంఘములలో అనేకుల తాతలు వెట్టిచాకిరి చేసినవారు, ఊరి బావియొద్దకు రానీయబడనివారు. నేడు వారి బిడ్డలు చదువుకొని ఉద్యోగములు చేయుచున్నారు, దేవునికి స్తోత్రము. కాని ఆ తాతల మాట ఇంటిలో ఎత్తుటకు మనము సిగ్గుపడుచున్నాము. దాని ఫలమేమి? మన యింట గిన్నెలు తోము స్త్రీ బిడ్డకు జ్వరమని ఒక్క దినము సెలవడిగినప్పుడు విసుగుకొనుచున్నాము. తాను దాసుని మనుమడనని ఎరుగనివాడు దాసుని మనస్సు ఎట్లు ఎరుగును?

ఈ నెలలో ఒక రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని తాతల కథ చెప్పుదము. పగతో గాదు, సిగ్గుతో గాదు. దేవుడు మనలను ఎచ్చటనుండి తెచ్చెనో వారెరుగునట్లు చెప్పుదము. తెల్లవారి మన వాకిటికి పనికి వచ్చువారితో మనము మాటలాడు తీరునుబట్టి బిడ్డలు ఆ కథ నిజమో కాదో తెలిసికొందురు. అట్టి జ్ఞాపకము ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.