తల వంచుకున్న శనిదేవుడు

మా సీమలో జనం ఏ దేవుడికి ఎక్కువ జంకుతారో తెలియాలంటే శనివారం పొద్దున పావగడకు రావాలి. జిల్లా కర్ణాటకలోని తుమకూరే గానీ మా తాలూకాను దాదాపు నాలుగు వైపులా ఆంధ్రా చుట్టుకొని ఉంటుంది. శనిమహాత్ముడి గుడికి అనంతపురం, కల్యాణదుర్గం, మడకశిర, హిందూపురం నుంచి బస్సులు బస్సులుగా దిగుతారు. శ్రావణ శనివారాల్లోనైతే కాలు పెట్టే సందుండదు. ఎటు చూసినా నువ్వులనూనె దీపాలు, నల్లబట్టలు. వై.ఎన్.హొసకోట నుంచి మా అమ్మ నన్ను అక్కడికి తీసుకుపోయినప్పుడల్లా బస్సు దిగేలోపల ఒకటే మాట చెప్పేది: "ఎదురుగా నిలబడి కండ్లలోకి చూడగాకు నాయనా. పక్కకు జరిగి దండం పెట్టుకో."

వేరే దేవుళ్ల గుళ్లలో మనం తోసుకొని తోసుకొని ఎదురుగా నిలబడాలని చూస్తాం. స్వామి చూపు మన మీద పడాలని గదా అంత తపన! ఈయన గుడిలో మాత్రం ఆ చూపు తప్పించుకోవాలి. చూపు వరమూ అవుతుంది, శాపమూ అవుతుంది, ఉత్తినే మాత్రం పోదు. బిడ్డను ఎత్తుకొని సంతకు పోతే బుగ్గన నల్లచుక్క పెట్టే తల్లికి ఇది తెలుసు. కొత్త ఇంటి ముందర బూడిదగుమ్మడికాయ కట్టే మేస్త్రీకి తెలుసు. తెలియనట్టు ఉండేది మేమే, కెమెరా పట్టుకున్నవాళ్లం.

నాది పెళ్లిళ్ల ఫోటోల పని. ముహూర్తాలు అయిపోయినాక సంచి తగిలించుకొని యాత్రలకు పోతాను. దేవుడి కోసం నడిచే మనుషులను ఫోటో తీయడం నాకు ఇష్టం. దానితోపాటే ఒక ప్రశ్న ఏండ్లుగా వెంటాడుతోంది. చూడటం కూడా కర్మేనా? చేత్తో కొట్టినా, నోటితో తిట్టినా పాపం అంటుతుందంటారు. మరి కంటితో తీసుకున్నదానికి?

మా ఫోటోగ్రాఫర్లలో బాగా చదువుకున్నవాళ్లు దీనికి ఒక జవాబు చెబుతారు. "మనం సాక్షులం. ఉన్నది ఉన్నట్టు చూస్తాం, అంతే. మనకేమీ అంటదు." వినడానికి ఇది వేదాంతంలాగే ఉంటుంది. దృగ్దృశ్యవివేకం అని చిన్న గ్రంథం ఒకటుంది. కొందరు శంకరులదంటారు, కొందరు భారతీతీర్థులదంటారు. రూపాన్ని కన్ను చూస్తుంది, కన్నును మనసు చూస్తుంది, ఆ మనసునూ చూసే సాక్షి ఒకటుంది, దాన్ని చూసేది ఇంకేదీ లేదు అన్న వరసలో అది సాగుతుంది. దీన్ని తెచ్చి కెమెరాకు తగిలించడం నాకు సమ్మతం కాదు. వేదాంతం చెప్పే సాక్షికి ఏ కోరికా లేదు. వెలుతురు బాగుండాలని అనుకోడు. ముసలమ్మ ఇంకొంచెం ఇటు తిరిగితే బాగుండునని అనుకోడు. మేము అనుకుంటాం. సూర్యుడు ఆ కొండ మీదికి వచ్చేదాకా గంటసేపు కాచుకొని కూర్చుంటాం. అంత కోరికతో చూసేవాడు సాక్షి ఎట్లవుతాడు? వాడు కర్తే. కర్త అయినప్పుడు ఫలం తప్పదు.

మా శనిదేవుడి కథే దీనికి మంచి జవాబు చెబుతుందని నా నమ్మకం. బ్రహ్మవైవర్త పురాణంలో ఉంది ఆ కథ. పార్వతికి బిడ్డ పుట్టాడని దేవతలందరూ చూడవచ్చారు. శని కూడా వచ్చాడుగానీ తల వంచుకొని నిలబడ్డాడు. బిడ్డను ఎందుకు చూడవని పార్వతి అడిగితే దాచకుండా చెప్పాడు, తన చూపు పడితే చెడు జరుగుతుందని. ఆమె నమ్మలేదు, చూడమంది. ఆయన కంటికొనతో కొంచెంగా చూశాడు. బిడ్డ తల తెగిపోయింది. విష్ణువు ఏనుగు తల తెచ్చి అతికించాడు.

ఈ కథ అందరికీ తెలిసిందే. ఆ చూపుకు శాపం ఎందుకు వచ్చిందో మాత్రం చాలామందికి తెలియదు. శని ధ్యానంలో మునిగి ఉన్నప్పుడు భార్య అలంకరించుకొని వచ్చి ఎదుట నిలబడింది. ఆయన కన్నెత్తి చూడలేదు. దగ్గర ఉన్న నన్ను చూడనివాడివి ఇకమీద ఎవరిని చూసినా వాళ్లు చెడిపోవాలని ఆమె శపించింది. ఇది నాకు తెలిసిననాటి నుంచి ఆ దేవుడి మీద భయం తగ్గి, దయ లాంటిది ఒకటి పుట్టింది. చూపులో విషం చేరింది ఎక్కువ చూసినందుకు కాదు, చూడవలసిన మనిషిని చూడనందుకు. పైగా ఆ తర్వాత ఆయన ప్రవర్తన ఎంత మర్యాదగా ఉందో చూడండి. తల వంచాడు, తన చూపు ఎట్లాంటిదో చెప్పాడు, అవతలివాళ్లు అడిగేదాకా కన్నెత్తలేదు. కెమెరా పట్టుకున్నవాడికి ఇంతకన్నా వేరే ధర్మశాస్త్రం ఏం కావాలి?

ఒకప్పుడు కెమెరాకే ఈ మర్యాద ఉండేది. అది యంత్రంలోనే ఉండేది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి హంపీని ఫోటోలు తీశాడు, మైనం పట్టించిన కాగితమే నెగెటివ్‌గా. ఒక్కో ఫోటోకు నిమిషాల కొద్దీ కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. అంతసేపు కదలకుండా ఉన్నదే కాగితం మీద నిలుస్తుంది. రాయి నిలిచింది. ఆ బాటన ఎద్దును తోలుకొనిపోయిన మనిషి ఉన్నా నిలవడు, విరూపాక్షుడికి పూలు తీసుకుపోయిన ఆడమనిషి ఉన్నా నిలవదు. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ వెతికి వెతికి అవే చోట్ల నిలబడి మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నూటఇరవై ఏడేండ్లలో ఏ రాయి పడింది, ఏ గోడ నిలిచింది అన్నది తెలుస్తుంది. నన్ను ఆపేది మాత్రం ఆ పాత కాగితాల మీద మనుషుల కరువు. ఆ కాలంలో ఒక మనిషి ఫోటోలో పడాలంటే తానుగా ఒప్పుకొని, ఒళ్లు బిగబట్టి నిలబడవలసిందే. ఒప్పుకోనివాడు జరిగితే చాలు, ఫోటోలో లేడు. ఇప్పుడు సెకనులో వెయ్యోవంతులో ఎవరినైనా పట్టేస్తాం. యంత్రం అడగడం మానేసింది కాబట్టి అడగవలసిన పని మనిషి మీద పడింది.

హైదరాబాదులో రాజా దీన్ దయాళ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆరో నిజాం దగ్గర ఆయన ఆస్థాన ఫోటోగ్రాఫర్. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో జనానా స్టూడియో అని వేరే పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. ఎవరి చూపుకు తాము కనబడవచ్చో ఆ స్త్రీలు నిర్ణయించుకున్నారు, ఆయన దానికి గది కట్టించాడు.

ఉగాదికి శ్రీశైలం పోయినప్పుడు నేను చూసింది ఒకటి చెబుతాను. ఉత్తర కర్ణాటక నుంచి వేల మంది చెప్పుల్లేకుండా నడిచి వస్తారు, నల్లమల దాటి, భీముని కొలను దిగి, ఎక్కి. కైలాసద్వారం దగ్గర మెట్లు ఎక్కి వచ్చినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ కూలబడతారు. అక్కడ ఒకామె, మా అమ్మ వయసుది, రాతికి ఆనుకొని కాళ్లు చాపుకొని కూర్చుంది. అరికాళ్లకు పాతచీర పేలికలు చుట్టుకుంది. ఒక కాలి పేలిక జారిపోయి కింద చర్మం కనబడుతోంది. బొబ్బ పగిలి, దుమ్ము పట్టి, ఆ దుమ్ము మీద పసుపు అద్దుకొని ఉంది. మడమ చుట్టూ పగుళ్లలో పసుపు గీతలు గీతలుగా నిలిచింది. నేను ఎదురుగా కూర్చొని నీళ్ల సీసా ఇచ్చాను. తాగింది. నా ఊరడిగింది, పెండ్లయిందా అనడిగింది, మొక్కు ఏందని అడిగింది. నాకు మొక్కు లేదు, ఫోటోలు తీసుకోవడానికి వచ్చానని కన్నడంలో చెప్పాను. కొంచెంసేపు నన్నే చూసి, "మొహం వద్దప్పా, కాళ్లు తియ్యి" అంది. ఎందుకని అడిగితే, "నడవలేవు, బస్సులో పో అన్నాడు నా కొడుకు. వాడికి చూపించాల" అంది.

పక్కనున్న పెద్దాయన ఊరుకోలేదు. మొక్కు పదిమందికి చూపించుకుంటే ఫలం పోతుందన్నాడు. ఆమె తొణక్కుండా, "మల్లయ్య మొదటి అడుగు నుంచి చూస్తానే ఉన్నాడు. ఆయన చూసినాక నా కొడుకు చూస్తే ఏం పోతుంది?" అంది. ఆ జవాబుకు ఆయన దగ్గర మాట లేదు, నా దగ్గరా లేదు. ఆమె కొడుకు నెంబరు చెప్పింది, అక్కడి నుంచే పంపాను. ఆ ఫోటోను నాది అనలేను. ఏది చూపాలో, ఎవరికి చూపాలో నిర్ణయించింది ఆమె. నేను బొత్తాం నొక్కాను. యాత్రలో తీసినవాటిలో నాకు అన్నిటికన్నా ధర్మంగా తోచేది ఆ కాళ్ల బొమ్మే.

కెమెరా లేని కాలంలో మన యాత్రికులు ఏం చేశారా అని ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర తిరగేస్తుంటాను. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి కాశీదాకా పోయి, పదిహేను నెలలకు పైగా తిరిగి వచ్చాడు. పుస్తకం 1838లో అచ్చయింది, ఫ్రాన్సులో డాగేర్ తన ఫోటోల యంత్రాన్ని లోకానికి చూపడానికి ఒక ఏడాది ముందు. ఏ ఊళ్లో నీళ్లు తియ్యగా ఉన్నాయి, ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దారి చెడ్డది అని ఆయన రాస్తూ పోతుంటే, ఆ ఊళ్లకు కూడా ఆయన కనబడుతున్నాడని మనకు తెలుస్తూ ఉంటుంది. ఆయన నీళ్లు తాగాడు, బియ్యం కొన్నాడు, పడుకోవడానికి చోటడిగాడు. మేమేమో కార్లో దిగి, బంగారు వెలుతురు ఉండే అరగంట తీసుకొని వెళ్లిపోతున్నాం. ఆ ఊరి నీళ్ల రుచి మాకు తెలియదు, మా మొహం ఆ ఊరికి తెలియదు.

చూపు ఎక్కడ నిలవాలన్న సంగతి లేపాక్షిలో నాకు ఎప్పుడూ తడుతుంది. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఆ గుడి కట్టించారు. తన కండ్లు తీయించమని రాజు చెప్పాడని విని విరుపణ్ణ తానే పెరుక్కొని గోడకేసి కొట్టాడని జనం చెప్పుకుంటారు. కల్యాణమండపం దగ్గర గోడ మీది ఎర్రమరకలు చూపిస్తారు. జరిగిందో లేదో చరిత్ర తేల్చుకోనీ. గుడి లోపలి మండపం పైకప్పు మీది రంగుల బొమ్మల్లో పెద్ద వీరభద్రుడి పాదాల దగ్గర అదే విరుపణ్ణ చేతులు జోడించుకొని, కండ్లు విప్పార్చుకొని ఉన్నాడు. మేము వెల్లకిలా పడుకొని ఆయన్ను ఫోటో తీస్తాం. ఆయన మాత్రం మా వంక తిరగడు, స్వామి వంకే చూస్తుంటాడు. ఐదు వందల ఏండ్లకు దగ్గరపడినా ఆయన చూపు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

మా హొసకోటకూ ఫోటోల కోసం వస్తుంటారు. మాది పట్టుచీరలు నేసే ఊరు. వచ్చినవాళ్లు మగ్గం తీస్తారు, జరీ అంచు తీస్తారు, జాకార్డు కిందినుంచి వెలుతురు పడేటట్టు నేతగాణ్ణి తీస్తారు. వెనక గదిలో, ఎండ రాని మూల, పాత పడుగు కొసకు కొత్త పడుగు అతుకుతూ కూర్చునే ఆడమనిషి దగ్గరికి ఎవరూ పోరు. ఒక్కో పోగును ఎదురుపోగుతో కలిపి, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలితిప్పి, వదిలి, ఇంకోటి అందుకుంటుంది. కంటికి ఆనని పోగులు, వేల సంఖ్యలో. ఆమె కండ్లు అరిగేది అక్కడే. కొత్తవాళ్లు ఎవరైనా నా దగ్గరికి వస్తే మొదట ఆ గదికి తీసుకుపోతాను. కెమెరా సంచిలోనే పెట్టించి, కాసేపు కూర్చోమంటాను. కొంతమంది కూర్చుంటారు. కొంతమంది వాచీ చూసుకుంటారు.

మొన్న మా తాలూకాలోని తిరుమణి వైపు పోయాను. 2018 నుంచి అక్కడ సోలార్ పార్కు ఉంది గదా, పదమూడు వేల ఎకరాలు, రెండు వేల యాభై మెగావాట్లు. వానలు లేక బీడుపడిన చేలను రైతులు కౌలుకిస్తే వాటి మీద సోలార్ ఫలకాలు పరిచారు. డ్రోను ఎగరేసి పైనుంచి తీస్తే కరువు నేల మీద నీలిసముద్రంలా వస్తుంది. ఆ బొమ్మ దేశమంతా తిరిగింది. నిజంగానే అందంగా ఉంటుంది, కాదనను. కంచె వెంబడి గొర్రెలు మేపుకుంటున్న ఒకాయన దగ్గర కూర్చొని మాట్లాడాను. తన చేను కూడా ఆ ఫలకాల కిందే ఉందని చెప్పాడు. డ్రోన్ల మాట ఎత్తితే చేతికర్రతో ఆకాశం చూపించాడు.

"అది గుయ్యిమంటే గొర్రెలు చెదురుతాయి సామీ. తలెత్తి చూస్తాం, దానికి మొగం ఉండదు. తిప్పేటోడు యాడుంటాడో తెల్దు. ఈ పక్కకొస్తే ఇన్ని మజ్జిగైనా పోద్దుము గదా."

ఆయన మజ్జిగ నాకు పోశాడు. తాగి, ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను. తలగుడ్డ సర్దుకొని, ఫలకాల వైపు కాదు, గొర్రెల వైపు తిరిగి నిలబడ్డాడు.