రెండేళ్ళా, డెబ్భై ఏళ్ళా?

డిసెంబరు 31 రాత్రి తెలుగు చర్చిల్లో చోటు దొరకదు. వాచ్‌నైట్ సర్వీసు కోసం పల్లెల్లో షామియానా వేస్తారు, పట్టణాల్లో బయట తెర కట్టి లోపల జరిగేది చూపిస్తారు. ఏడాదంతా గుడి ముఖం చూడనివాళ్ళు కూడా ఆ రాత్రి కొత్త బట్టలు కట్టుకుని వస్తారు. పన్నెండు దాటాక చాలా సంఘాల్లో వాగ్దానాల కార్డులు పంచుతారు. కళ్ళు మూసుకుని తీసిన కార్డు మీద ఏ వచనం ఉంటే అదే ఆ ఏడాదికి ఆ మనిషి వాగ్దానం. కొన్నిచోట్ల సంఘమంతటికీ కలిపి పాస్టరుగారే ఒకటి ప్రకటిస్తారు. వారం తిరక్కుండా అది ఫ్లెక్సీ మీదికి, క్యాలెండరు మీదికి, ఆటో వెనక అద్దం మీదికి ఎక్కేస్తుంది.

ఆ కార్డుల్లో తరచూ కనిపించే వచనం యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలో పదకొండోది. దేవుడు తన ప్రజల విషయంలో తలపెట్టింది కీడు కాదు మేలేనని, వాళ్ళ ముందు ఆశ ఉందని దాని సారాంశం. ఉద్యోగం రాని కుర్రాళ్ళు, సంబంధం కుదరని ఆడపిల్లల తల్లులు, ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్న కుటుంబాలు ఆ వచనాన్ని పట్టుకుని రాత్రులు గడిపారు. దాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే కార్డు చిన్నది, ఒక్క వచనమే పడుతుంది. సరిగ్గా దానికి పైన, పదో వచనంలో ఒక అంకె ఉంది: డెబ్భై ఏళ్ళు. ఆ అంకెతో కార్డు అచ్చువేస్తే కొనేవాళ్ళు ఎంతమంది ఉంటారో!

ఆ వచనం నిజానికి ఒక ఉత్తరంలోది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకున్నాడు. కుర్రవయసు రాజు యెకొన్యాను, అతని తల్లిని, అధికారులను, కంసాలివాళ్ళను, పనివాళ్ళను చెరపట్టి తీసుకుపోయాడు. అలా ఊరుగాని ఊళ్ళో పడ్డవాళ్ళకు ఉన్న ప్రశ్న ఒకటే. ఇంటికి ఎప్పుడు వెళ్తాం?

దానికి రెండు జవాబులు వచ్చాయి, రెండూ దేవుడి పేరు మీదే. గిబియోనువాడైన హనన్యా అనే ప్రవక్త యెరూషలేము ఆలయంలో యాజకుల ముందు, జనం ముందు నిలబడి రెండేళ్ళు అన్నాడు. రెండేళ్ళలో రాజూ తిరిగొస్తాడు, ఆలయపు పాత్రలూ తిరిగొస్తాయి, బబులోను కాడి విరిగిపోతుంది. అప్పుడు యిర్మీయా ప్రవక్త మెడ మీద నిజంగానే ఒక కాడి ఉంది. రాబోయే రోజులకు గుర్తుగా ఆయన దాన్ని మోస్తూ తిరుగుతున్నాడు. హనన్యా దాన్ని లాగి అందరూ చూస్తుండగా విరిచేశాడు. చప్పట్లు కొట్టించుకునే పని. గ్రంథంలో ఈ ఘట్టం చదివేవాళ్ళు దాటేసి వెళ్ళే వివరం ఒకటుంది: హనన్యా మాట వినగానే యిర్మీయా మొదట అన్నది ఆమేన్. అలాగే జరిగితే బాగుండునని ఆయనకూ ఉంది. అబద్ధపు ధైర్యం ఎంత తియ్యగా ఉంటుందో తెలిసినవాడు గనకే దాన్ని కాదనడానికి ఆయన హక్కుదారుడయ్యాడు.

యిర్మీయా జవాబు ఉత్తరం రూపంలో బబులోను చేరింది. షాఫాను కొడుకు ఎలాశా, హిల్కీయా కొడుకు గెమర్యా దాన్ని పట్టుకెళ్ళారు. అందులో ఉన్నవి ఆశ్చర్యపరిచేంత మామూలు విషయాలు. ఇళ్ళు కట్టుకోండి, కాపురముండండి. తోటలు వేసుకోండి, వాటి పండ్లు తినండి. పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లలకూ చేయండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. ఇవన్నీ చెప్పాక డెబ్భై ఏళ్ళు. ఆ తర్వాత గాని పదకొండో వచనం రాదు.

లెక్క వేసి చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఉత్తరం అందేనాటికి ముప్ఫై ఏళ్ళున్న మనిషి తన ఊరు మళ్ళీ చూడడు. ఆ మేలు జరిగేది అతని మనవడికి. అయినా ఆ మనిషినే ఉద్దేశించి ఆశ ఉందని రాశారు. ఆ ఆశకు రుజువుగా ఇవాళ గొయ్యి తవ్వి మొక్క నాటమన్నారు. అక్కడున్న కొందరికి ఒళ్ళు మండింది. షెమయా అనే ఆయన బబులోను నుంచే యెరూషలేము యాజకుడికి ఫిర్యాదు రాశాడు: యిర్మీయా అనే ఈ పిచ్చివాణ్ణి బొండకొయ్యలో బిగించకుండా ఎందుకు ఊరుకున్నారని. ధైర్యం చెప్పిన మనిషి మీద ఫిర్యాదు! గడువు తగ్గించి చెప్పి ఉంటే సన్మానం చేసేవాళ్ళు.

ఉత్తరం అందుకున్నవాళ్ళు ఏం చేశారో బైబిలు పెద్దగా చెప్పదు గాని మట్టి పలకలు కొంత చెబుతాయి. దక్షిణ ఇరాక్ ప్రాంతం నుంచి బయటపడ్డ, బబులోను లిపిలో రాసిన పలకలను లారీ పియర్స్, కొర్నేలియా వున్ష్ అనే పండితులు 2014లో ప్రచురించారు. వాటిలో అన్నిటికంటే పాతది క్రీ.పూ. 572 నాటిది. 597లో లొంగిన యెరూషలేము ఆ తర్వాత పూర్తిగా కూలిపోయి అప్పటికి దాదాపు పదిహేనేళ్ళే. పలకల్లో కనిపించే ఒక ఊరి పేరు అల్-యహూదు, అంటే యూదుల ఊరు. అక్కడ యెహోవా పేరు కలిసిన పేర్లున్న మనుషులు పొలం కౌలుకు తీసుకున్నారు, బార్లీ, ఖర్జూరం పండించారు, పన్నులు కట్టారు, అప్పు పత్రాలు రాసుకున్నారు. ప్రార్థనలేవీ వాటిలో లేవు, అన్నీ లెక్కలే. ఆ లెక్కల్లోనే ఒక జాతి బతికి బట్టకట్టింది.

ఈ ఉత్తరాన్ని ఇవాళ అందరికంటే దగ్గరగా చదవగలిగినవాళ్ళు బహుశా గల్ఫ్‌లో ఉన్న తెలుగు క్రైస్తవులు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళకు తెల్లారేసరికి ఫోన్లో ఒక వచనం ఉంటుంది. ఊళ్ళో చెల్లెలో పాస్టరమ్మగారో పంపింది. అక్కడ తెలుగు ఆరాధనలు శుక్రవారం జరుగుతాయి, సెలవు ఇచ్చే ఇంట్లో పనిచేసేవాళ్ళు వస్తారు. అయితే ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు వాళ్ళకు అప్పజెప్పడానికి వీల్లేదు. బబులోనులో ఇల్లు కట్టుకోనిచ్చారు, గల్ఫ్ చట్టాలు ఆ పనిమనిషిని అక్కడ స్థిరపడనివ్వవు. ఆమె తోట ఇక్కడి పిల్లల చదువులో, తాకట్టు విడిపించుకున్న బంగారంలో ఉంది. రెండేళ్ళని వెళ్ళి పదిహేనేళ్ళు ఉండిపోయినవాళ్ళకు హనన్యా లెక్కలేమిటో ఒకరు వివరించి చెప్పక్కర్లేదు.

రోజుకో వచనం అనే పద్ధతికి కూడా చరిత్ర ఉంది. 1722లో మొరేవియా నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టంటు కాందిశీకులు జర్మనీలోని సాక్సనీలో, జిన్‌జెండార్ఫ్ అనే యువ ప్రభువు ఎస్టేటులో హెర్న్‌హుట్ అనే పల్లె కట్టుకున్నారు. వీళ్ళూ ఇల్లు వదిలి వచ్చినవాళ్ళే. మొదటి అయిదేళ్ళూ ఒకరితో ఒకరు విపరీతంగా పోట్లాడుకున్నారు కూడా. 1728 మే 3న సాయంకాలం కూటంలో జిన్‌జెండార్ఫ్ మర్నాటికి ఒక మాట ఇచ్చాడు. అప్పట్నుంచి రోజూ ఒక మాట. పొద్దున్నే దాన్ని ఊళ్ళోని 32 ఇళ్ళకూ మనుషులు నడిచి వెళ్ళి చెప్పి వచ్చేవారు. ఒక మనిషి గడప దగ్గర నిలబడితే ఆ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరు అలిగి కూర్చున్నారో తెలియకుండా ఉండదు. ఫోన్లో ఫార్వర్డ్ అయ్యే వచనానికి ఆ కళ్ళు లేవు.

1731 నుంచి ఆ వచనాలు ఏటా పుస్తకంగా అచ్చవుతున్నాయి, ఇప్పటికీ ఆగలేదు. పాత నిబంధన వచనాలను హెర్న్‌హుట్‌లో ఇప్పటికీ చీటీ తీసే ఎంచుతారు, అదీ మూడేళ్ళు ముందుగా. ఒకప్పుడు వాళ్ళు పెళ్ళిళ్ళకు కూడా చీటీలే తీసేవారు. 19వ శతాబ్దం మొదట్లో సభ్యుల పోరు పడలేక ఆ నియమం సడలించారు. వచనానికి చీటీ ఫరవాలేదు, మొగుడికి మాత్రం వద్దని జనం తేల్చుకున్నారన్నమాట.

ఆ పుస్తకం చదివేవాళ్ళలో డీట్రిక్ బాన్‌హోఫర్ ఒకడు. హిట్లర్‌కు లొంగని జర్మన్ పాస్టరు. యుద్ధం ముంచుకొస్తోందని, సైన్యంలోకి లాగుతారని మిత్రులు ఆయన్ని 1939 జూన్‌లో న్యూయార్క్‌కు రప్పించారు. ఉద్యోగం, గది, భద్రత అన్నీ సిద్ధం. ఆయనకు మాత్రం అక్కడ ఊపిరాడలేదు. ఇంటి దగ్గర తన విద్యార్థులు ఏమయ్యారోనన్న దిగులు. జూన్ 20న ఉద్యోగం వద్దని చెప్పేశాడు, అయినా మనసు కుదుటపడలేదు. జూన్ 26న ఆయన కంటబడ్డ వచనం, పౌలు ముసలితనంలో జైలు నుంచి తిమోతికి రాసింది: చలికాలం రాకముందే బయలుదేరి రమ్మని. అది రోజంతా తనను వెంటాడిందని డైరీలో రాసుకున్నాడు. తనకే చెప్పినట్టు తీసుకుంటే లేఖనాన్ని దుర్వినియోగం చేసినట్టు కాదని కూడా రాసుకున్నాడు.

వచనమే నిర్ణయించిందని చెబితే కథ రక్తికడుతుంది గాని, నిజం అది కాదు. నిర్ణయం వారం క్రితమే అయిపోయింది. వచనం చేసింది ఆ నిర్ణయం మీద మనిషిని నిలబెట్టడం. జూలైలో ఓడ ఎక్కాడు. 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. జైల్లో కూడా ఆ రోజువారీ వచనాలు చదువుతూనే ఉన్నాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో ఉరి తీశారు. వాగ్దానం నెరవేరిందా లేదా అని సాక్ష్యాల కూటంలో అడిగినట్టు ఇక్కడ అడగడం కుదరదు.

తెలుగు నేల మీద కూడా వచనాన్ని ఓదార్పుగా గాక పనిగా చేతికిచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. వి.ఎస్. అజరయ్య. తమిళుడు, తిరునెల్వేలి వైపు ఒక పల్లె పాస్టరు కొడుకు. 1909లో, ముప్ఫై అయిదేళ్ళ వయసులో, వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదిలి అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, ఆ వయసులో తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాలమాదిగలు, వ్యవసాయ కూలీలు, అక్షరం ముక్క రానివాళ్ళు. బాప్తిస్మం ఇచ్చాక ఆయన వాళ్ళ చేత ఒక పని చేయించేవాడు. తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమేనన్న పౌలు మాటను తమ మాటగా పలకాలి.

ఊరికి బయట బతికే మనిషి, మాట్లాడితే ఎవరూ వినని మనిషి, తన దగ్గర ఇతరులకు ఇవ్వదగ్గది ఒకటుందని నోటితో చెప్పడం చిన్న విషయం కాదు. నీకు అంతా మంచే జరుగుతుంది అన్న దీవెన కంటే ఇది బరువైన గౌరవం. మాట అక్కడితో వదిలేయలేదు కూడా. కూలి నుంచి తిరిగొచ్చాక సాయంత్రం ప్రార్థన, నోటితో వల్లెవేయించే పాఠాలు, తాగుడు, అప్పులు, మురికి, జబ్బుల మీద ఎడతెగని పోరు, పేదవాళ్ళయినా కానుక ఇవ్వడం. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌కు ప్రతిష్ఠ జరిగేసరికి 1939 జనవరి 6 వచ్చింది, అంటే ఆయన బిషప్ అయి ఇరవై ఆరేళ్ళు.

మాలమాదిగలు గుంపులుగా క్రైస్తవులైన ఈ సామూహిక మతమార్పిడుల మీద అప్పట్లోనే అనుమానాలు వినిపించాయి: వీళ్ళు విశ్వాసంతో వచ్చారా, అండ కోసం వచ్చారా అని. అమెరికన్ మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ డోర్నకల్ ప్రాంతంతో సహా దేశంలో పలుచోట్ల సర్వే చేయించి, ఫలితాలను 1933లో పుస్తకంగా వేశాడు. ఎందుకు క్రైస్తవులయ్యారని వేల మందిని అడిగితే వచ్చిన జవాబుల్లో అన్నీ ఉన్నాయి. దేవుడి కోసమన్నవాళ్ళు, బంధువులంతా వచ్చారు గనక వచ్చామన్నవాళ్ళు, జమీందారు నుంచి రక్షణ కోసమన్నవాళ్ళు. కొన్నేళ్ళ తర్వాత వాళ్ళ బతుకులు ఎలా ఉన్నాయో పోల్చి చూస్తే, ఏ ఉద్దేశంతో లోపలికి వచ్చారన్నది అనుకున్నంత తేడా తేలేదు. వచ్చాక వాళ్ళకు ఎవరైనా కుదురుగా నేర్పారా, కూర్చోబెట్టి రోజూ ప్రార్థన చేయించారా అన్నది తెచ్చింది.