దాచమని ఇచ్చిన సొమ్ము

మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవద్దని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. యూరప్ ప్రభుత్వాలు ఒక పుష్కరం పైగా తమ ప్రజలకు సరిగ్గా దీనికి ఎదురుమాట చెబుతున్నాయి. మబ్బును నమ్మండి, ముంత మోసే బరువు తగ్గుతుంది అని. ఈ మబ్బు కంప్యూటర్ల వాళ్ళ 'క్లౌడ్'. పేరుకే ఆకాశం. నిజానికది ఊరి బయట ఎక్కడో కట్టిన పెద్ద గిడ్డంగి. అందులో బారులు తీర్చిన యంత్రాలు, వాటిని చల్లబరిచే పంకాలు, గేటు దగ్గర కాపలా మనిషి. మన లెక్కలు, ఉత్తరాలు, ఆసుపత్రి చీటీలు మన ఇంట్లో ఉంచుకోకుండా ఆ గిడ్డంగి యజమాని దగ్గర పెడతాం. కావలసినప్పుడు తీగ మీదుగా తెప్పించుకుంటాం. అద్దె కడతాం.

అలా చూస్తే ఇది కొత్త సంగతేమీ కాదు. దాచమని ఒకరి చేతిలో పెట్టటమే. దీనికి తెలుగులో 'ఇల్లడ' అని చక్కని మాట ఉండేది. ఇప్పుడు నిఘంటువుల్లో తప్ప కనపడదు. మనుస్మృతి వ్యవహారాలను 18గా లెక్క వేసి, అప్పు తర్వాత రెండవ స్థానం నిక్షేపానికే ఇచ్చింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. దాచమని ఇచ్చిన వస్తువును దాచినవాడు తన కోసం వాడుకుంటే, ఆ వాడకానికి తగిన అద్దె కట్టాలి, పైన 12 పణాల దండుగ కట్టాలి. శత్రువులు దేశం మీద పడి దోచుకుపోయినా, ఊరు తగలబడినా, వరదలో కొట్టుకుపోయినా మాత్రం అతని తప్పు లేదు. చూడండి, ఆయన నమ్మకం గురించి ఒక్క మాటా అనలేదు. ఎవరు ఎప్పుడు ఏం తిరిగి ఇవ్వాలి అన్నదే ఆయన విచారం.

యూరప్ వారి కథ నమ్మకంతోనే మొదలయింది. 2012 సెప్టెంబరు 27న యూరోపియన్ కమిషన్ ఒక విధానపత్రం వెలువరించింది. దాని వెనక ఉన్న మనిషి అప్పటి కమిషనర్ నీలీ క్రూస్. క్లౌడ్ వాడకం పెరిగితే 2020 నాటికి 25 లక్షల ఉద్యోగాలు, ఏటా 16,000 కోట్ల యూరోల అదనపు ఆదాయం వస్తాయని అంచనా కట్టారు. మరి ఎందుకు పెరగటం లేదు? దేశానికొక చట్టం, ఒప్పందాల్లో ఎవరికీ అర్థం కాని షరతులు, అన్నిటి కన్నా ముఖ్యంగా జనానికి నమ్మకం లేకపోవటం. ఆ లోటు తీర్చటానికి ప్రమాణాలు, నమూనా ఒప్పందాలు ప్రతిపాదించి, ప్రభుత్వాలూ కంపెనీలూ కలిసిన ఒక భాగస్వామ్య సంఘాన్ని ఏర్పరిచారు. దాని నిర్వాహక మండలికి అధ్యక్షుడు ఎస్తోనియా దేశాధ్యక్షుడు తోమస్ హెండ్రిక్ ఇల్వెస్. 2014 మార్చిలో ఆ మండలి ఇచ్చిన నివేదిక పేరే 'నమ్మదగిన క్లౌడ్ యూరప్'.

ఈ రెండు తేదీల మధ్య 2013 జూన్ వచ్చింది. అమెరికా గూఢచారి సంస్థ పెద్ద పెద్ద కంపెనీల దగ్గర ఉన్న సమాచారాన్ని ఎలా తోడుకుంటున్నదో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టాడు.

నాకు ఇక్కడే ఒక ధర్మసందేహం. నమ్మకం లేకపోవటాన్ని రోడ్డు మీద గొయ్యి లాగా పూడ్చవలసిన అడ్డంకి అనుకోవచ్చునా? అప్పనమ్మకం అజ్ఞానం వల్ల వస్తే పూడ్చవచ్చు. తెలివి వల్ల వస్తే? 2012లో సందేహించినవాళ్ళు వెనకబడినవాళ్ళుగా లెక్కకు వచ్చారు. తొమ్మిది నెలలు తిరక్కుండా వాళ్ళే సరిగా చూసినవాళ్ళని తేలింది. నమ్మకం నమ్మేవాడు ఇచ్చేది. దాన్ని ప్రభుత్వం ఉత్పత్తి చెయ్యలేదు. నమ్మదగినట్లు నడుచుకునేలా ఎదుటివాణ్ణి కట్టడి చెయ్యటం ఒక్కటే దాని చేతిలో ఉన్న పని. ఈ రెండూ ఒకటే అన్నట్లు రాసిన సర్కారు కాగితం ఏదైనా నాకు కొంచెం అనుమానంగానే ఉంటుంది.

యూరప్‌లో ఈ భయానికి ఒక చిరునామా ఉంది: ఆమ్‌స్టర్‌డామ్. నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టర్లు యుద్ధానికి చాలా ముందు నుంచీ ముచ్చటగా ఉండేవి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, వాటితోపాటు మతం. ఏ దురుద్దేశమూ లేదు. చెప్పినవాళ్ళు నమ్మి చెప్పారు, రాసుకున్న గుమాస్తా నిజాయితీగానే రాసుకున్నాడు. 1940లో జర్మన్ సేనలు దేశాన్ని ఆక్రమించాయి. రిజిస్టర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, తాళంచెవులు పట్టుకున్న చేతులు మారాయి. ఆ దేశంలో ఉన్న సుమారు 1,40,000 మంది యూదులలో లక్ష మందికి పైగా హతులయ్యారు. 1943 మార్చి 27 రాత్రి కొందరు చిత్రకారులు, శిల్పులు, విద్యార్థులు పోలీసు దుస్తులు వేసుకుని ఆమ్‌స్టర్‌డామ్ జనాభా కార్యాలయంలో చొరబడి పేలుడు పదార్థాలు పెట్టారు. దట్టంగా పేర్చిన కార్డులు అంత సులువుగా కాలవు. కొద్ది భాగమే నాశనమయింది. పాల్గొన్నవారిలో 12 మందిని జూలై 1న కాల్చి చంపారు.

ఆ కార్డు మీద తన మతం రాయించినవాడు ఎవరిని తప్పుగా నమ్మాడు? ఎవరినీ కాదు. అప్పటి గుమాస్తాను నమ్మాడు, ఆ గుమాస్తా నమ్మదగినవాడే. అతను చూడనిది పదేళ్ళ తర్వాత ఆ బల్ల ముందు కూర్చోబోయేవాణ్ణి. 1970లో జర్మనీలోని హెస్సె రాష్ట్రం ప్రపంచంలోనే మొదటి సమాచార రక్షణ చట్టం చేసిందన్నా, 1983లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం జనాభా లెక్కల చట్టంలో కొంత భాగాన్ని కొట్టివేసిందన్నా, కారణం ఏ సిద్ధాంతంలోనూ వెతకనక్కరలేదు. వాళ్ళ తాతలకు తెలుసు.

తరువాతి ప్రయత్నాలు త్వరగా చెప్పేస్తాను. 2012లో ఫ్రెంచి ప్రభుత్వం మన క్లౌడ్ మనకే ఉండాలని రెండు సంస్థలలో 7.5 కోట్ల యూరోల చొప్పున పెట్టుబడికి పూనుకుంది. ఒకటి పెద్ద టెలిఫోను కంపెనీలో కలిసిపోయింది. రెండవది, క్లౌడ్‌వాట్, 2020 జనవరి 31న మూతపడింది. 2019లో జర్మనీ, ఆ వెంటనే ఫ్రాన్స్ కలిసి 'గయా-ఎక్స్' అని మొదలుపెట్టాయి. అమెరికా చైనా కంపెనీలకు ప్రత్యామ్నాయం అనుకున్న ఆ సంఘంలో ఆ కంపెనీలే సభ్యులుగా చేరాయి. పెళ్ళిపందిట్లో పేచీ వద్దని అందరినీ పిలిచినట్లయింది.

కాని ఒక జవాబు దగ్గర ఆగాలి. అమెరికా 2018లో చేసిన చట్టం ప్రకారం, ఆ దేశపు కంపెనీ దగ్గర ఉన్న సమాచారం ఏ దేశపు గిడ్డంగిలో ఉన్నా, అక్కడి అధికారులు చట్టప్రకారం అడిగితే ఇవ్వాలి. 2025 జూన్ 10న ఫ్రెంచి సెనేట్ విచారణ సంఘం మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ ప్రతినిధిని ప్రమాణం చేయించి అడిగింది: ఫ్రెంచి ప్రభుత్వం ఒప్పుకోకుండా ఫ్రెంచి పౌరుల సమాచారం అమెరికా అధికారులకు ఎన్నటికీ చేరదని హామీ ఇవ్వగలరా? ఇవ్వలేనన్నాడు. అలా ఇంతవరకూ జరగలేదనీ చెప్పాడు. ముద్రలూ ధృవపత్రాలూ అన్నీ ఒక ఎత్తు, నాకు ఆ 'ఇవ్వలేను' ఒక ఎత్తు. ఇన్నేళ్ళలో నమ్మదగిన మాట అదే ననిపించింది.

అయితే ఎవరి సొమ్ము వాళ్ళ ఇంట్లోనే పెట్టుకోవాలా? నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో స్వదేశీ ఫ్రెంచి కంపెనీ గిడ్డంగి ఒకటి పూర్తిగా తగలబడిపోయింది. మరో ప్రతి వేరే చోట ఉంచుకోని ఖాతాదారులు శాశ్వతంగా పోగొట్టుకున్నారు. స్వదేశీ నిప్పయినా కాలుస్తుంది. ఉక్రెయిన్ అయితే 2022 ఫిబ్రవరిలో, రష్యా సేనలు రావటానికి కొద్ది రోజుల ముందు చట్టం మార్చి, ప్రభుత్వ రికార్డులను విదేశీ క్లౌడ్‌లకు తరలించే వీలు కల్పించుకుంది. ఇల్లే భద్రం అని పట్టుకు కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు.

ఎస్తోనియా జనాభా పదమూడు లక్షల చిల్లర. మన జిల్లా ఒకదానికి సరిపోరు. 2007లో ఆ దేశపు ప్రభుత్వ, బ్యాంకు కంప్యూటర్ల మీద వారాల తరబడి దాడి జరిగింది. నేలకు నేలే పరుల చేతిలోకి పోవటం ఎలాగుంటుందో వాళ్ళకు గత శతాబ్దంలోనే అనుభవం. 2017లో వాళ్ళు లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని అక్కడ ఒక 'సమాచార రాయబార కార్యాలయం' పెట్టుకున్నారు. యంత్రాలు పరాయి నేల మీద ఉంటాయి, వాటి మీద అధికారం మాత్రం ఎస్తోనియాది. రాయబారి ఇంట్లోకి పోలీసులు జొరబడరాదన్న మర్యాదే వాటికీ వర్తిస్తుంది. ఇందులో లక్సెంబర్గ్ మంచితనం మీద భారం వెయ్యలేదు. తలుపు ఎవరిదో, తట్టే హక్కు ఎవరికి లేదో రాసుకున్నారు. కౌటిల్యుడికి ఈ ఒప్పందం వెంటనే అర్థమయ్యేది. 2025 సెప్టెంబరు 12 నుంచి యూరప్‌లో అమలవుతున్న కొత్త సమాచార చట్టమూ ఆయనకు అర్థమయ్యేదే. ఖాతాదారు తన సమాచారం తీసుకుని మరొకరి దగ్గరికి పోతానంటే అడ్డుపెట్టకూడదు. 2027 జనవరి 12 తర్వాత అందుకు రుసుము కూడా అడగకూడదు. ఇల్లడను అడిగిన నాడు తిరిగి ఇవ్వాలి, అంతే కదా.

మన యానాం పాఠకులకు ఇది దూరపు కథ కాదు. 1776లో పదహారవ లూయీ వలసల్లోని జనన మరణ వివాహ రిజిస్టర్ల ప్రతి ఒకటి ఫ్రాన్సుకు పంపాలని శాసనం చేశాడు. 1839లో కోరంగి ఉప్పెన ఊడ్చుకుపోయిన తీరం అది. ఒకే ప్రతి ఒకే పెట్టెలో ఉంటే ఏం మిగిలేదో చెప్పలేం. పుట్టినవాడి పేరు వెర్సాయ్‌కి పంపమంటారా అని ఎవరూ ఆ తండ్రిని అడగలేదు. అతను ఎవరినీ నమ్మలేదు కూడా. అయినా ఫ్రెంచి గుమాస్తా తన చెవికి వినపడినట్లు రాసుకున్న తెలుగు పేర్లు ఇప్పటికీ ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లోని వలసల దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. 1962 ఆగస్టు 16న బదిలీ ఒప్పందం అమల్లోకి వచ్చి, ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవటానికి ఆరు నెలల గడువు పెట్టినప్పుడు, ఎవరు ఎవరి బిడ్డో చూపటానికి పనికివచ్చింది అటువంటి రిజిస్టరే. ఆ పాత సంపుటాల బొమ్మలు ఇవాళ ఇంట్లో కూర్చుని తెర మీద చూసుకోవచ్చు. అక్షరాలు గొలుసుకట్టుగా ఉంటాయి, తాతగారి ఇంటిపేరు ఎలా రాశారో కనుక్కోవటానికి కాస్త ఓపిక కావాలి.