న్యాయార్జితమెయ్యది?

నష్టము వాటిల్లినపుడే మానవుని ధర్మనిష్ఠకు నిజమైన పరీక్ష కలుగును. లాభసమయమున సత్యము పలుకుట అంత కష్టము గాదు. పోయిన సొమ్ము ఒక్క అబద్ధముతో తిరిగి వచ్చునన్నప్పుడు సత్యమును విడువకుండుట కష్టము.

అంబాజీపేట ప్రాంతమున కొబ్బరి వ్యాపారము చేయు నొక గృహస్థుని ఊహింతము. ఆయన తండ్రి కొనిన కారొకటి ఆ ఇంట గలదు. పదునాలుగేండ్ల పాతది. ఒకనాటి సాయంకాలము ఆయన కుమారుడు అయినవిల్లి సిద్ధివినాయకుని దర్శించి వచ్చుచు, కాలువగట్టు మలుపున బండిని నీటిలోనికి దింపెను. దైవకృపవలన పిల్లవానికి దెబ్బలు తగులలేదు. కారు మాత్రము పనికిరానిదయ్యెను.

పాలసీలో వ్రాసిన విలువ 1,20,000 రూపాయలు. మరమ్మతుకు 1,60,000 అగునని షెడ్డువారు లెక్కవేసిరి. మరమ్మతు ఖర్చు పాలసీ విలువలో 75 శాతమును మించినచో దానిని పూర్తి నష్టముగా ఎంచుట బీమా నియమము. కాని చిక్కు వేరొకచోట నున్నది. కుమారునకు లైసెన్సు లేదు. లైసెన్సు లేనివాడు నడుపగా బండికి కలిగిన నష్టమును భరింపమని పాలసీలో షరతు గలదు.

ఇరువదేండ్లుగా ఆ ఇంట పనిచేయుచున్న డ్రైవరు ముందుకు వచ్చెను. "ఆయ్, నేనే నడిపానని రాసేయండి అయ్యగారూ. మీ ఉప్పు తిన్నవాణ్ణి, ఆమాత్రం చెయ్యలేనా?" అనెను.

గృహస్థుని మనస్సు ఊగిసలాడెను. ఇన్నేండ్లు ప్రీమియము కట్టితిని, ఒక్క రూపాయియు తీసికొనలేదు, ఇపుడు తీసికొనిన తప్పేమి యని తోచెను. ఈ వాదము నిలుచునదికాదు. ప్రీమియము దాచుకొనిన సొమ్ము గాదు. ఆయా సంవత్సరములలో పొందిన అభయమునకు వెల. ఆ నిధి రాజోలు లారీ యజమానిది, కొత్తపేట టాక్సీవానిది, అందరిదియు. అడవులగుండ పోవు వర్తకులు నూటికి పది, సముద్రమున పోవువారు ఇరువది వడ్డీ ఈయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. అపాయము హెచ్చినకొలది వెలయు హెచ్చునని పూర్వులెరుగుదురు. అపాయమును దాచి వెలను మాత్రము తగ్గించుకొనుట వంచన. అందుచేతనే బీమా ఒప్పందమునకు ఇరుపక్షముల సంపూర్ణ విశ్వాసము ప్రాణమని న్యాయశాస్త్రము చెప్పుచున్నది.

ఇంతకంటె బరువైన విషయము డ్రైవరుది. ప్రమాదము అతని పేర నిలుచును. బ్రదుకుతెరువైన లైసెన్సునకే మచ్చ కలుగవచ్చును. ఉప్పుఋణము పనిచేసి తీర్చుకొనదగినదే గాని, యజమాని అబద్ధమును మోసి తీర్చుకొనదగినది కాదు. వాకిట కూర్చుండి యంతయు వినుచున్న వృద్ధమాత కుమారుని పిలిచి, "బండి పోతే పోయిందిరా నాయనా. రేపు వాడి మొహం ఎలా చూస్తావు?" అని యడిగెను. ఆయన మరుమాటాడక, జరిగినది జరిగినట్లే వ్రాసి సంతకము చేసెను. సొమ్ము రాలేదు. ఇనుము వెలకే కారు పోయినది.

ఐనచో తనకు న్యాయముగా రావలసినదానిని సయితము విడుచుట ధర్మమా? కాదు. లైసెన్సు గలవాడు నడిపియుండి, కంపెనీ పాలసీ విలువకు తక్కువ ఈయజూచినచో అడుగవలెను. వినకున్న బీమా అంబుడ్స్‌మన్‌ను, వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయింపవలెను. సత్యము పాలసీదారునివలెనే కంపెనీకిని విధి. అట్లే, ఐదేండ్లు దాటిన బండి విలువ ఇరువురు కలిసి ఒప్పుకొనునది. కావున ఏటేట సంతకమునకు ముందే దానిని చూచుకొనవలెను. అపాయము జరిగినపిదప, తండ్రి కొనిన బండియని హెచ్చు కోరుట తగదు. మమకారమునకు ప్రీమియము కట్టలేదు గదా!

2020 సెప్టెంబరులో అంతర్వేది స్వామివారి రథము అగ్నికి ఆహుతియైనది. 2021 ఫిబ్రవరి నాటికి క్రొత్త రథము సిద్ధమైనది. కొయ్య మారినది, స్వామి మారలేదు. వాహనములు పోవును, వచ్చును. ఆ గృహస్థుడు బీమా సొమ్మును కోల్పోయెను. మరునాటి యుదయమున డ్రైవరు ఎప్పటివలెనే గుమ్మమునకు రాగా, తలయెత్తి అతనిని పలుకరింపగలిగెను. ఆయనకు దక్కిన న్యాయార్జితమదియే.