మువ్వలు వినిపించినంత మేర

బస్తర్ అడవుల్లోని తర్రెం పేరు మనలో చాలామంది మొదట విన్నది తుపాకీ మోతతో పాటే. 2021 ఏప్రిల్ 3న ఆ దాపుల అడవిలో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు పోయారు. కొన్నాళ్లు టీవీల్లో ఆ పేరు మోగింది, తర్వాత సద్దుమణిగింది. నాకు ఆ పేరు గుర్తుండిపోయింది మాత్రం చర్ల దగ్గర ఒక మిరపతోట గట్టు మీద, చలికాలపు సాయంత్రం.

మిరప కోతలకు బస్తర్ నుంచి ఏటా జనం గోదావరి వైపు దిగుతారు. వాళ్ల బాసగూడ పక్కనుంచి పారే తాలిపేరే మా చర్లకు వచ్చి గోదాట్లో కలుస్తుంది. నీళ్లు వచ్చిన దారినే మనుషులూ వస్తారు. ఆ రోజు పని ముగిశాక ఒకాయన చిదుగుల మంట వేసి డోలు కాచుకుంటున్నాడు. "ఏ ఊరు దాదా?" అన్నాను. "తర్రెం అవతల" అన్నాడు తలెత్తకుండానే.

మంచుకు తోలు మెత్తబడుతుంది. సెగకు బిగిసేదాకా ఓపిక పట్టాలి. డోలును అటో చుట్టు, ఇటో చుట్టు తిప్పి, వేలితో ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసి, చెవి వంచి విని, తల అడ్డంగా ఊపి మళ్లీ మంట దగ్గరికి జరిపాడు. ఇలా నాలుగుసార్లు. అయిదోసారి "ఊఁ" అన్నాడు. నాలుగో దెబ్బకూ అయిదో దెబ్బకూ తేడా ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఆయనకు తెలిసింది. ఆ చెవికి దండం పెట్టాలనిపించింది.

అసలు ఆ నేల మీద ఒక రాజ్యం పుట్టిందే చెవి ఆధారంగా. 1323లో ఓరుగల్లు కూలాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఉత్తరపు అడవుల్లోకి వెళ్లి బస్తర్ ఏలికయ్యాడని ఆ రాజవంశం చెప్పుకునే మాట. ఆ వంశపు దిక్పాలదేవుడి కాలంలో వేసిన 1703 నాటి దంతెవాడ శాసనంలోనూ ఆ మాట ఉంది. జనం చెప్పే కథ ఇంకా అందంగా ఉంటుంది. దంతేశ్వరి తల్లి ఆయనతో అన్నదట: ముందు నువ్వు నడువు, వెనకాల నేనొస్తాను, నా మువ్వలు వినిపించినంత మేర నీ రాజ్యం, తిరిగి చూశావో, నేనక్కడే ఆగిపోతాను. రాజు నడిచాడు. కొండలు దాటాడు, వాగులు దాటాడు. వెనక ఘల్లు ఘల్లుమంటూనే ఉంది. శంఖిని, డంకిని కలిసే చోట తల్లి పాదాలు ఇసుకలో దిగబడ్డాయి, మువ్వలు మూగబోయాయి. రాజు గుండె ఝల్లుమని వెనక్కి తిరిగాడు. తల్లి అక్కడే గుడి కట్టుకుని కూర్చుంది.

గొలుసు పట్టి భూమి కొలిచిన రాజులను చూశాం. గుర్రాన్ని వదిలి కొలిచినవాళ్ల సంగతీ విన్నాం. అందెల చప్పుడుతో కొలిచిన నేల నాకు తెలిసి ఇదొక్కటే.

ఓరుగల్లువాళ్లకు ఆ చెవి కొత్తేమీ కాదు. గణపతిదేవుడి గజసేనాని జాయప ఉన్నాడు కదా! దివిసీమ బిడ్డ, రాజుగారి బావమరిది. 1213 నాటి చేబ్రోలు శాసనం ఆయన కట్టించిన గుడి గురించి చెబుతుంది. అదే ఏడు పాలంపేటలో మరో సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి నిలబెట్టి నాట్యాన్ని నల్లరాతిలో ఆడించాడు. జాయప మాత్రం తాటాకు పట్టాడు. పగలంతా ఏనుగుల ఘీంకారాలు విన్న చెవులతో సాయంత్రాలు గజ్జెల మోత వింటూ, 1253-54 నాటికి నృత్తరత్నావళి పూర్తిచేశాడు. గీతం మీద ఒకటి, వాద్యాల మీద ఒకటి కూడా రాశాడట, అవి మనకు దక్కలేదు. నాకైతే ఆ వాద్యరత్నావళి పోయినందుకే ఎక్కువ దిగులు. అందులో ఎన్ని డోళ్లు ఉన్నాయో!

దక్కిన పుస్తకంలో ఎనిమిది అధ్యాయాలు. నాలుగు మార్గానికి, నాలుగు దేశికి. అంటే శాస్త్రం ఒప్పుకున్న ఆటకు ఎంత చోటో, వీధిలో ఆడే ఆటకూ అంతే చోటు. పేరణి, చిందు, కోలాటం, అన్నీ పీట వేసుకుని కూర్చున్నాయి. అక్కడే గొండలి అనే ఆట గురించి ఒక ముచ్చట చెబుతాడు: కళ్యాణ నగరంలో జాతర రోజున చాళుక్య సోమేశ్వరుడు భిల్లవేషంలో ఆడుతున్న ఒక స్త్రీని చూసి పరవశుడై, ఆ ఆటను కొలువుకు తెచ్చుకున్నాడట. అడవి అడుగుకు రాజు మురిసిపోయిన సంగతిని ఒక సేనాని పనిగట్టుకుని సంస్కృతంలో రాసిపెట్టాడు.

ఆ చూపు బస్తర్‌లో ఇంకా బతికే ఉంది. 75 రోజుల దసరా. రథం కదలాలంటే ముళ్ల ఊయల మీద కూర్చున్న ఒక చిన్నపిల్ల అనుమతి కావాలి. దంతేశ్వరి సేవలో పోటానార్ ముండాల బాజాకు తరాల నుంచి విడవని చోటు ఉంది.

ఏలికల చెవుల ముచ్చట వచ్చింది కాబట్టి అబ్రహాం లింకన్‌ను విడిచిపెట్టలేను. ఆయనకు పాడటం రాదు, ఏ వాద్యమూ రాదు, వినడం మాత్రం ప్రాణం. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగానే ఒపేరాకు వెళ్లేవాడు. 1863లో తొమ్మిదేళ్ల వెనిజులా పిల్ల తెరెసా కారెన్యో శ్వేతసౌధంలో ఆయన ముందు పియానో వాయించింది. శ్రుతి బాగాలేదని ఆ పిల్ల విసుక్కుందట. మిరపతోట దాదా అక్కడ ఉంటే తల ఊపేవాడు!

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. మర్నాడు జనం బ్యాండుతో శ్వేతసౌధం ముందు చేరారు. లింకన్ బయటికొచ్చి డిక్సీ వాయించమన్నాడు. నాలుగేళ్లుగా శత్రుసైన్యం పాడుకుంటూ తన వాళ్లమీదికి నడిచిన పాట అది. నేను విన్నవాటిలో మంచి బాణీల్లో అదొకటి, నిన్న మనం దాన్నీ గెలుచుకున్నాం అని నవ్వించాడు. ఆ బాణీ కట్టిందన్న పేరున్న డేనియల్ ఎమ్మెట్ ఉత్తరాదివాడే, అది వేరే తమాషా. నాలుగు రోజుల తర్వాత లింకన్‌ను కాల్చారు. ఆరు లక్షల మందికి పైగా చనిపోయిన యుద్ధం ముగింపులో ఒక మనిషికి అవతలివాడి పాట చెవిలో తీయగా ఉండటం, ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యం తీరదు.

మిరపతోటలో ఆ రాత్రి డోలు లేచింది. ఆడపిల్లలు ఒకరి నడుము వెనక ఒకరు చేయి వేసుకుని వరస కట్టారు. రేల పాట తాలిపేరు మీదుగా తేలిపోయింది. నాకు మాటలు సగమే అర్థమయ్యాయి. మా తోట కాపలా తాత, కోయ ముక్క రానివాడు, పాదంతో నేల తట్టడం చూశాను. కాసేపటికి మంట తగ్గితే ఒక కుర్రాడు తెలియక ఎండు మిరపకంప విసిరాడు. ఘాటుకు అందరం దగ్గుతూ చెల్లాచెదరయ్యాం. దాదా ఒక్కడే కదల్లేదు. నీళ్లు కారే కళ్లతో డోలును సెగకు తిప్పి, ఒక్క దెబ్బ వేసి, చెవి వంచాడు.