పట్టుకొనలేని పసిప్రాణము

అనంతపురము నుండి కదిరి లక్ష్మీనరసింహస్వామివారి దర్శనమునకు పోవు యాత్రికులకు దారిలో బత్తలపల్లె తగులును. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మెట్టసీమ అది. వేరుసెనగ చేలను, మబ్బును నమ్ముకొన్న బ్రతుకులు అచ్చటివి. ఆ ఊరి ఆస్పత్రిలో నెలలు నిండక మునుపే పుట్టిన శిశువులను, పుట్టిన వెంటనే వ్యాధిగ్రస్తులైన శిశువులను కాపాడుటకు ప్రత్యేక విభాగమొకటి కలదు. స్పెయిన్ దేశమున జన్మించి, 1969లో అనంతపురము చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ సేవాఫలముగా 2000లో ఆ ఆస్పత్రి వెలసినది. 2009లో కీర్తిశేషుడైన ఆయన సమాధి కూడ బత్తలపల్లెలోనే ఉన్నది.

అచ్చట నుండి కదిరి చేరిన భక్తునికి నరసింహుని చెంత ప్రహ్లాదుడు దర్శనమిచ్చును. ఆ ప్రహ్లాదుడు తల్లి గర్భమునందున్నప్పుడే ప్రాణాపాయమునకు గురియైనవాడు. హిరణ్యకశిపుడు తపస్సునకు పోగా, ఇంద్రుడు కయాధువును చెరపట్టి, పుట్టబోవు బిడ్డను చంపదలచెను. అసురుని బిడ్డ బ్రతికి ఏమి ప్రయోజనమని అతని లెక్క. నారదుడు అడ్డుపడి, ఆ తల్లిని తన ఆశ్రమమున ఉంచి కాపాడినట్లు భాగవతము చెప్పుచున్నది. ఇంద్రుడు బిడ్డ వంశమును చూచెను. నారదుడు ఆ బిడ్డలోని భక్తుని చూచెను. ఏ ప్రాణము కాపాడదగినది అను ప్రశ్న నాటినుండియు మానవుని ముందు నిలిచియే యున్నది.

నేడు ఆ ప్రశ్న వేరొక రూపమున వచ్చుచున్నది. పంట పోయిన ఏట, కూలికి పోయిన తల్లికి ఏడవ నెలలోనే కాన్పు వచ్చును. బిడ్డ అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నది. “రాత ఉంటే బ్రతుకుతుంది, లేకుంటే ఎంత చేసినా నిలవదు” అని ఇంటి పెద్దలు నిట్టూర్చెదరు. ఆడపిల్లయైనచో ఆ మాట మరింత త్వరగా వచ్చును. అది కాఠిన్యముచే పుట్టిన మాట అని అనరాదు. అప్పులు, దారి ఖర్చులు, ఇంట నున్న మిగిలిన పిల్లల ఆకలి ఆ మాట పలికించును. అయినను కర్మసిద్ధాంతమును ఆధారముగా చేసికొని పలికిన ఆ మాట ధర్మసమ్మతమగునా అనునది విచారింపవలసియున్నది.

37 వారములు నిండక మునుపు పుట్టిన శిశువును నెలలు నిండని శిశువందురు. తల్లి గర్భము ఇచ్చుచుండినదంతయు ఆ శిశువునకు ఒక్కసారిగా దూరమగును. ఊపిరితిత్తులలోని సూక్ష్మమైన గాలితిత్తులు మూసికొనిపోకుండ కాపాడు జిగటపదార్థము ఇంకను చాలినంత ఊరియుండదు. చర్మము క్రింద క్రొవ్వు లేనందున శరీరము త్వరగా చల్లబడును. పాలు చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడు పనులను పొందికగా చేయు నేర్పు సుమారు 34 వారములకు గాని అలవడదు. అందుచే వైద్యులు ఊపిరికి గాలి అందించు యంత్రమును, వెచ్చదనమునకు ఉష్ణపేటికను అమర్చి, తల్లిపాలను సన్నని గొట్టము ద్వారా పట్టింతురు. కొంత బలము వచ్చిన పిమ్మట మన పూర్వుల ఉగ్గుగిన్నె వంటి గిన్నెతోనే పాలు పట్టుదురు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున మర్కటకిశోర న్యాయము, మార్జాలకిశోర న్యాయము అని రెండు కలవు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోవును. జీవుని ప్రయత్నమెంత, భగవంతుని కృప యెంత అను విషయమున పెద్దలు ఈ రెండు దృష్టాంతములతో ఎంతో చర్చ చేసిరి. నెలలు నిండని శిశువు విషయమున మాత్రము ఆ చర్చకు తావు లేదు. ఆ శిశువు పట్టుకొనజాలదు. ఏడ్చి పిలువనైన జాలదు. తనదనునది ఏమియు లేకుండుట, వేరొక దిక్కు లేకుండుట శరణాగతునికి అర్హతలని ఆచార్యులు బోధించిరి. ఆ రెండును ఇంత సంపూర్ణముగా ఈ శిశువునందు గాక మరెవ్వరియందు కానవచ్చును? శరణు అని నోరారా పలుకలేని శరణాగతుడే ఆ పసికందు. ఆ ప్రాణమును ఎత్తుకొను బాధ్యత చుట్టునున్నవారిదే. భగవంతుని కృప దిగివచ్చుటకు ఒక చేయి కావలెను గదా!

ఇక కర్మ మాట. బిడ్డ ప్రారబ్ధము బిడ్డది. అది ఎవరికిని కనబడదు. కనబడునది మన కర్తవ్యము మాత్రమే. ఆస్పత్రి దారిలో నుండుట, ఒక నర్సు రాత్రియంతయు మేల్కొనియుండుట, ఇవి కూడ ఆ బిడ్డ ప్రారబ్ధములోని భాగములు కారాదా? ప్రయత్నము చేయక మునుపే రాతను నిర్ణయించువాడు విధిని నమ్మినవాడు కాడు. విధి స్థానమున తాను కూర్చుండినవాడు.

పేదరికము అడ్డమని చెప్పుటకు వీలులేని చికిత్స కూడ ఒకటి కలదు. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున, ఉష్ణపేటికలు చాలక, వైద్యులు శిశువులను తల్లుల రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచిరి. కంగారూ సంరక్షణ అని పేరొందిన ఈ పద్ధతిని పుట్టిన వెంటనే ఆరంభించినచో, స్థిరపడిన పిమ్మట ఆరంభించుట కంటె మరణములు 25 శాతము తగ్గినట్లు, భారతదేశముతో సహా అయిదు దేశములలో జరిగి 2021లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఒక కిలో నుండి 1.8 కిలోల లోపు బరువు గల శిశువులపై అది ఆస్పత్రులలోనే జరిగినది. కావున ఇది వైద్యమునకు బదులు కాదు, వైద్యమునకు తోడు. తల్లి అలసినప్పుడు తండ్రియు, అవ్వయు తమ రొమ్మున ఆ బిడ్డను మోయవచ్చును. అలమేలుమంగను వక్షఃస్థలమున నిలుపుకొన్న స్వామిని కొలుచువారికి, దయకు చోటు హృదయమేనని వేరుగా చెప్పవలెనా?

ఎంత చేసినను దక్కని బిడ్డలు కొందరుందురు. యంత్రము బాధను పొడిగించుటకే గాని ప్రాణమును నిలుపుటకు కాదని వైద్యులు తేల్చిచెప్పినప్పుడు, గొట్టములు తొలగించి బిడ్డను తల్లి ఒడిలో పెట్టుట విడిచిపెట్టుట కాదు. మొదటి గడియలోనే ఖర్చు లెక్కించి వదలుట వేరు. చేయదగినదంతయు చేసి, బాధ లేకుండ సాగనంపుట వేరు. అట్టి బిడ్డ నాలుగు దినముల బ్రతుకు వ్యర్థమా? బ్రహ్మాస్త్రమునకు గురియైన ఉత్తర బిడ్డను శ్రీకృష్ణుడు కాపాడెను. ఆ పరీక్షిత్తునకే పిమ్మట ఏడు దినములు మాత్రమే గడువు మిగిలినది. ఆ ఏడు దినములలోనే భాగవతము లోకమునకు లభించినది. ఆయుష్షు కొలత దినములలో లేదు.

కావున గృహస్థులు తెలిసికొనవలసినది ఇంతే. చిన్న బిడ్డ పుట్టినచో వెంటనే స్నానము చేయింపరాదు. తుడిచి, తలకు గుడ్డ చుట్టి, తల్లి రొమ్మున ఆనించి, ఆలసింపక ఆస్పత్రికి చేర్చవలెను. ప్రభుత్వాస్పత్రులలో జబ్బుపడిన నవజాత శిశువులకు ఉచిత చికిత్సయు, ప్రయాణమును కల్పించు జననీ శిశు సురక్షా కార్యక్రమము 2011లో ఆరంభమైనది.

కదిరికి పోవు భక్తుడు స్తంభమునుండి వెడలిన స్వామిని తలచును. పిలిచిన బాలునికై వచ్చిన ప్రభువు, పిలువలేని బాలునికై రాకుండునా? వచ్చును, అయితే ఆయన వచ్చు చేతులు మనవి కావచ్చును.